ఏడోనాటి గండి

మేకను విప్పుదామని ఇంటి వెనక్కి వెళ్లిన అతారాకు కాలు చీలమండ దాకా బురదలో దిగబడింది. వాన కురిసి నెల దాటింది. అక్కడ బురద ఉండటానికి వీల్లేదు.

తలెత్తి కాలువ కట్ట వైపు చూసింది. కట్ట మధ్యలో, మనిషి నడుమెత్తున, వేలు పట్టేంత బుంగ. అందులోంచి నీళ్లు సన్నగా, ఆగకుండా కారుతున్నాయి. దోసిలి పట్టి చూసింది. తేట నీళ్లయితే భయం లేదు, కట్ట చెమర్చిందనుకోవచ్చు. ఇవి మట్టిరంగు నీళ్లు. లోపల కట్ట కరిగిపోతోంది.

కెబారు కాలువ పక్కన ఇరవై ఏళ్లకు పైగా బతికిన మనిషికి ఆ రంగు ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. పైన కొండల్లో మంచు కరిగే కాలం. కాలువ నిండు గర్భిణిలా ఉంది. పొలాల్లో యవలు కోసి పనలు కట్టి పెట్టారు. ఇంకో వారంలో కళ్లానికి చేర్చాలి. ఈ రోజు మాత్రం ఊళ్లో పార తీసే మగవాడు లేడు. ఇది ఏడోనాడు. విశ్రాంతి దినం.

ఆమె ఇంట్లోకి పరిగెత్తింది. ఆమె మొగుడు హోషయా చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నడుము కింద అతని శరీరం చచ్చిపోయి రెండేళ్లయింది.

"ఏమయ్యా, కట్టకు బుంగ పడింది. మన ఇంటి వెనకాలే."

"నీళ్ల రంగు చూశావా?"

"మట్టిరంగే."

"నాన్నకు చెప్పు" అన్నాడు.

"చెప్తే లేస్తాడా ఆయన?"

"ముందు చెప్పవే."

ఊరంతటికీ పల్లం ఈ వీధే. హోషయా కాళ్లు పోయాక పొలం చేసే దిక్కు లేక, మెరకలోని ఇల్లు ఇంకొకరికి వదిలేసి వాళ్లు ఈ గుడిసెలోకి దిగారు. పక్కనే జక్కూరు, అతని భార్య హొగ్లా, వాళ్ల ముగ్గురు పిల్లలు. ఆ అవతల ఇంకా కొన్ని కొంపలు. అన్నీ పచ్చి ఇటుకలవే. నీళ్లు తగిలితే బెల్లంలా కరిగిపోతాయి.

మెరక మీద కళ్లంలో, తడికల పందిరి కింద, ఊరి జనమంతా కూర్చుని ఉన్నారు. మధ్యలో పెలట్యా. అతారాకు మామగారు. యెరూషలేములో మందిరం నిలిచి ఉన్న రోజుల్లో ఆయన బలిపీఠం దగ్గర యాజకుడు. మందిరం కాలింది, పీఠం కూలింది. బతికినవాళ్లను బబులోను రాజు మందలా తోలుకొచ్చి ఈ ఉప్పు నేలల మీద వదిలాడు. ఇక్కడ బలి ఇవ్వడానికి పీఠం లేదు. యెరూషలేము దాటి ఎక్కడా ఇవ్వకూడదు కూడా. చేతులకు పని పోయిన యాజకుడు చాలా ఏళ్లు పిచ్చివాడిలా కాలువ గట్ల మీద తిరిగాడు. ఈలోగా జనం చెదిరిపోసాగారు. పిల్లలకు బబులోను దేవుళ్ల పేర్లు పెట్టుకున్నారు. నిప్పూరు గుడికి కూలికి వెళ్లిన కుర్రాళ్లు అక్కడే ఉండిపోయి ఆ గుడి పూజారుల్లా బోడిగుండ్లతో తిరగసాగారు.

అప్పుడు పెలట్యా ఈ రోజును పట్టుకున్నాడు. వారానికొకసారి పని మానడం పాతకాలం నుంచీ ఉన్నదే. దాన్ని ఎవరూ అంత గట్టిగా పట్టించుకునేవారు కాదు. ఆయన ఇంటింటికీ తిరిగి, బతిమాలి, తిట్టి, జనాన్ని ఈ పందిరి కిందికి తెచ్చాడు. "కాల్చడానికి వీల్లేని మందిరం ఇదొక్కటే మనకి మిగిలింది" అనేవాడు. పార పట్టకూడదు, బరువు మొయ్యకూడదు, పొయ్యి వెలిగించకూడదు. కూర్చుని వినాలి. ఐగుప్తులో బానిసలుగా ఉన్న పూర్వీకులకు యజమాని ఒక్క రోజూ సెలవివ్వలేదనీ, దేవుడిచ్చాడనీ ఆయన చెప్తుంటే, ముసలివాళ్లు ఏడ్చేవాళ్లు.

అతారాకూ ఆ రోజంటే ఇష్టమే. తిరగలి ముట్టుకోనక్కర్లేని రోజు. ఒకప్పుడది మొగుడు ఇంటి దగ్గరుండే రోజు. ఆ రోజు కోసమే మొగుడి కాళ్లు పోయాయి. రెండేళ్ల కిందట కాలువ పెత్తందారు ఇద్దినా ఏడోనాడే పూడిక తియ్యమన్నాడు. హోషయా లేచి, మేము రాము అని చెప్పాడు. ఇద్దినా కొట్టలేదు, తిట్టలేదు. నవ్వి, మర్నాడు అతన్ని కట్ట ఒరిగి ఉన్న చోట తవ్వమన్నాడు. కట్ట విరిగి అతని మీద పడింది. ఆ తర్వాత ఇద్దినాకే ముఖం చెల్లలేదో, భయం వేసిందో, ఏడోనాడు యూదా వాళ్లను పిలవడం మానేశాడు. ఆ రోజు అలా వచ్చింది ఊరికి.

ఆడవాళ్లు కూర్చున్న వెనక వరస దాటి, మగవాళ్ల మధ్య నుంచి అతారా నేరుగా ముందుకు వచ్చేసింది. కాళ్లకు బురద.

"మామా, కట్టకు బుంగ పడింది. గండి పడేలా ఉంది. అందర్నీ లేపు."

పెలట్యా చెప్తున్నది ఆపాడు. జనంలో గుసగుసలు.

"నీళ్లు ఇళ్లలోకి వచ్చాయా?" అని అడిగాడు.

"రాలేదు. వస్తాయి."

"పొద్దు గుంకేదాకా ఆగదా?"

"నన్నడుగుతావేం మామా? పోయి కాలువనడుగు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. షల్లూము లేచి నిలబడ్డాడు. సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. ఒక్కగానొక్క కొడుకు నిప్పూరు గుడిలో చేరి పేరు మార్చుకున్నప్పటి నుంచి అతనికి నవ్వంటే పడదు.

"కూర్చోమ్మా. ఊరికే అరవకు. ఇవాళ మనం పార పట్టామనుకో, రేపు ఇద్దినాకు తెలుస్తుంది. మీ ఇళ్ల కోసమైతే తవ్వుతారు, రాజుగారి కాలువ కోసమైతే తవ్వరా అంటాడు. ఏం చెప్తావు నువ్వు? నీ మొగుడి కాళ్లు దేనికి పోయినట్టు?"

"నా మొగుడి కాళ్ల సంగతి నాకు చెప్తున్నావా నువ్వు? రోజూ ఎత్తి కడిగేది నేను."

జక్కూరు లేచాడు. "మా పిల్లలు నిద్రపోతున్నారక్కడ. పెద్దాయనా, పిల్లల్ని ఎత్తుకొస్తే బరువు మోసినట్టా?"

"పిల్లలు బరువు కాదురా" అన్నాడు పెలట్యా వెంటనే. "పో. తీసుకురా."

హొగ్లా అప్పటికే పరిగెత్తింది. జక్కూరు వెనకే. పల్లపు వీధి వాళ్లు మరికొందరు లేచి దిగిపోయారు.

అతారా కదల్లేదు. "పిల్లలు బరువు కాదు. మరి నీ కొడుకు?"

పెలట్యా కళ్లు అతారాను దాటి పల్లపు వీధి మీద ఉన్నాయి.

"అక్కడున్నది నా కొడుకు గనకనే నేను లేవలేకపోతున్నానే" అన్నాడు మెల్లగా. "ఇంకెవరైనా అయితే ఈపాటికి లేచేవాణ్ణేమో. ఊళ్లో ప్రతి ఇంటికీ వెళ్లి, ప్రాణం పోయినా పార పట్టొద్దని నేనే చెప్పాను. నా ఇంటి దగ్గరికొచ్చేసరికి పట్టమని ఎలా అననే?"

"చచ్చేది నువ్వయితే అలాగే చావు మామా. చచ్చేది వాడు."

ఆమె చుట్టూ చూసింది. తెలిసిన ముఖాలే అన్నీ. పంటల్లో పక్కన నిలబడి కోసినవాళ్లు, పురుళ్లకు తాను వెళ్లిన ఇళ్ల వాళ్లు. ఒక్కొక్కరే తల దించుకున్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఆ ముసలాయన లేస్తాడేమోనని చూస్తున్నారు, అంతే. అది ఆమెకు తెలుసు. తెలిసే ఒళ్లు మండింది.

"మీ అందరికీ నా దణ్ణం" అని వెనక్కి తిరిగి పరిగెత్తింది.

బుంగ ఇప్పుడు తల పట్టేంత అయింది. నీళ్లు కారడం లేదు, దూకుతున్నాయి. వీధిలో చీలమండ లోతు. హొగ్లా చంటివాణ్ణి చంకన వేసుకుని, పెద్దదాని రెక్క పట్టుకుని మెరక ఎక్కుతోంది. జక్కూరు భుజం మీద రెండోవాడు. "అక్కా, వీళ్లను పైన వదిలి వచ్చేస్తా. ఒక్కదానివే ఏమీ చెయ్యకు" అని అరిచాడు.

హోషయా చాప తడిసింది. అతను మోచేతుల మీద లేవడానికి చూస్తున్నాడు.

"ఏమన్నాడు?"

"నీ తండ్రికి ఊరు కావాలిట. కొడుకు అక్కర్లేదట." ఆమె అతని చంకల కింద చేతులు వేసి లాగింది. చాప మీదే ఈడిస్తే గుమ్మం దాకా వచ్చాడు. గుమ్మం ఎత్తు. దాటించడానికి ఆమె బలం చాల్లేదు. మళ్లీ లాగింది. నడుము కలుక్కుమంది.

"అతారా. వదులు."

"నోర్ముయ్."

"నా మాట విను. ఈ రోజు కోసం కాళ్లిచ్చాను. ఇప్పుడు నా కోసం వాళ్లందరూ ఈ రోజును వదిలేస్తే ఆ కాళ్లు ఎందుకూ పనికిరాకుండా పోతాయి. నువ్వు పైకి పో."

"ఇచ్చింది నువ్వు. నన్నడిగి ఇచ్చావా? రెండేళ్లుగా నిన్ను మోస్తున్నాను, ఏడోనాడూ మోశాను, ఎవరైనా అడిగారా నన్ను, అమ్మాయ్, నువ్వు ఇవాళ బరువు మొయ్యకూడదని? నీ పక్క మార్చడానికి సెలవుందా నాకు?" ఆమె ఏడుస్తోంది, లాగుతోంది. "నువ్వు దేవుడికిచ్చుకున్న దాంట్లో నా వాటా ఎంతో తెలుసా నీకు?"

అతను జవాబు చెప్పకముందే ఆ చప్పుడు వినిపించింది. ఎడ్లబండి బోర్లాపడ్డట్టు, పెద్దగా కూడా కాదు. తర్వాత నీళ్లు.

నీళ్లు ఇంటి చుట్టూ తిరిగి వచ్చి వాళ్లిద్దర్నీ గుమ్మం దగ్గర నుంచి ఇంట్లోకి విసిరేశాయి. వెనక గోడ ఉబ్బి కూలిపోయింది. ఆమె మునిగింది, లేచింది, అతని చొక్కా కోసం వెతికింది, జుట్టు దొరికింది. పట్టుకుంది. మూలనున్న మట్టి గాదె ఇంకా నిలబడి ఉంది. దానికి వీపు ఆనించి, అతని తల తన భుజం మీద వేసుకుని, రెండు చేతులూ అతని ఛాతీ చుట్టూ బిగించింది. నీళ్లు ఆమె రొమ్ముల దాకా ఉన్నాయి. చలి. కొండల మంచు చలి. అతని కాళ్లు నీళ్లలో ఎటుపడితే అటు కొట్టుకుంటున్నాయి. అతను నీళ్లు మింగుతున్నాడు, దగ్గుతున్నాడు, మళ్లీ మింగుతున్నాడు.

ఆమె అరిచింది. ముందు జక్కూరును పిలిచింది. తర్వాత మామను. తర్వాత మామను తిట్టింది, ఆయన పందిరిని తిట్టింది, ఆ రోజును తిట్టింది. గొంతు పోయేదాకా తిట్టి, ఇంకెవరూ మిగలక, దేవుణ్ణి పిలిచింది. పిలవడం కూడా సరిగ్గా రాలేదు. చిన్నప్పుడు యెరూషలేములో అమ్మ మందిరానికి పావురాల జత పట్టుకెళ్లేది. ఖాళీ చేతులతో ఎలా అడగాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు" అంది. "ఉన్నా ఇక్కడ నీకు ఇల్లు లేదు. మాకూ లేకుండా పోయింది. నువ్వు వింటున్నావో లేదో కూడా నాకు తెలీదు. వీణ్ణి మాత్రం తీసుకోకు. తీసుకోకు. తీసుకోకు."

గాదె అడుగు కరుగుతోంది. వీపు కింద అది మెత్తబడటం ఆమెకు తెలుస్తోంది. ఆమె చేతులు బిగుసుకుపోయాయి. అతని దగ్గు తగ్గింది. అదే ఆమెను అన్నిటికన్నా భయపెట్టింది.

గుమ్మానికి అడ్డంగా ఇరుక్కుపోయిన తడిక తలుపు మీద దెబ్బ పడింది. ఇంకో దెబ్బ. రెల్లు చీల్చుకుని ఒక పార లోపలికి వచ్చింది. దాని వెనక పెలట్యా ముఖం.

ఆయన గడ్డం నిండా బురద. ఎనభై దగ్గర పడిన ఆ మనిషి రొమ్ము లోతు నీళ్లలో నిలబడి పారతో తడికను నరుకుతున్నాడు. పక్కన జక్కూరు, వాళ్ల వెనక ఇంకా చాలామంది.

"పట్టుకో, పట్టుకో, వదలకు" అంటున్నాడు జక్కూరు. నలుగురు హోషయాను అందుకుని చీల్చిన తడిక మీదే పడుకోబెట్టారు. అతారా చేతులు విడదీయడానికి ఇద్దరు పట్టుపట్టాల్సి వచ్చింది. ఆమె బయటికి రాగానే గాదె నీళ్లలో కూలింది.

పెలట్యా ఆమెకేసి చూశాడు. ఆమె చూడలేదు.

తర్వాత అంతా గండి దగ్గరే. పల్లపు వీధి చివర ఇంకా ముసలివాళ్లు పైకప్పుల మీద ఇరుక్కుని ఉన్నారు. గండి పూడ్చకపోతే వాళ్లు పోతారు. మగవాళ్లు ఖర్జూరపు దుంగలు దొర్లించారు. ఆడవాళ్లు రెల్లు మోపులు, చాపలు, గంపల్లో మట్టి అందించారు. మట్టి వేసిన చోట నిలవడం లేదు, నీళ్లు లాక్కుపోతున్నాయి. ఎవరో మనుషులే అడ్డం నిలబడాలన్నారు. చేతులు కలిపి ఒక వరస గండిలోకి దిగింది.

అంతవరకూ పందిరి దగ్గరే నిలబడి చూస్తున్న షల్లూము దిగి వచ్చాడు.

"నేను పార పట్టను" అన్నాడు. "నిలబడతాను. నిలబడటం పని కాదు."

"నిలబడు బాబూ, నీకు పుణ్యముంటుంది. ఎలాగూ గుంజలానే ఉన్నావు" అంది హొగ్లా. అతను దిగి, జక్కూరు చెయ్యి పట్టుకుని, నీళ్లు మెడ దాకా కొడుతుంటే కళ్లు మూసుకుని నిలబడ్డాడు. పొద్దు వాలేసరికి గండి మూసుకుంది. పైకప్పుల మీది వాళ్లను దింపారు. ఎవరూ పోలేదు.

అప్పుడు చూశారు జనం, పొలం కేసి. పల్లపు పొలమంతా చెరువైంది. పనలు తేలుతున్నాయి. ఏడాది తిండి అది. ఇప్పుడే తీసి ఎండబెడితే ఇంకా సగమైనా దక్కుతుంది, పొద్దు గుంకేదాకా ఆగితే అదీ లేదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరూ ఒక్కసారే అటు పరిగెత్తారు. అతారా కూడా. ఒక పన దొరికింది, చంకలో పెట్టుకుంది. ఇంకోదానికి చెయ్యి చాచింది.

"వదలండి!"

పెలట్యా నీళ్లలో చేతులు చాపి నిలబడి ఉన్నాడు. నిలబడటానికే కష్టపడుతున్నాడు.

"పనలు వదిలెయ్యండి. అయిపోయింది. ఎవరూ చావడం లేదిప్పుడు."

"వదిలేసి ఏం తిందాం?" అని అరిచాడు ఒకడు. "పొద్దున్నుంచి పార పట్టి, ఇప్పుడు పన ముట్టుకుంటే పాపమా?"

"మనుషులు మునుగుతున్నారని పార పట్టాం. ఇవి గింజలు."

"గింజలు లేకపోతే మనుషులుంటారా పెద్దాయనా?" హొగ్లా నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా పిల్లల పొట్టలకు నీ లెక్కలు తెలీవు."

"ఆకలేస్తే అడుక్కుందామమ్మా. నేనే ముందు వెళ్తాను. నిప్పూరు గుడి వాకిట్లో జోలె పడతాను." ఆయన ఒక్క అడుగు ముందుకు వేశాడు. "పొద్దున నేను ఆలస్యం చేశాను. అది నా పాపం, నేనే మోస్తాను. దానికి విరుగుడుగా ఇప్పుడు అన్నిటికీ సరేనంటే ఇక ఏడోనాడంటూ మనకి లేదు. ప్రాణం కోసం తీసిన పార ప్రాణం దగ్గరే ఆగాలి."

కొందరు వినలేదు. పనలు లాక్కుని వెళ్లారు, ఆయన్ను దాటుకుంటూ, ముఖం చూడకుండా. ఎక్కువమంది నిలబడిపోయారు. షల్లూము గట్టు మీద వణుకుతూ కూర్చున్నాడు.

అతారా మెరక వైపు చూసింది. అక్కడ హోషయాను గొర్రెతోలులో చుట్టి కూర్చోబెట్టారు. పెదాలు నీలంగా ఉన్నాయి. అతను ఆమెనే చూస్తున్నాడు. వదలమనీ అనలేదు, పట్టుకోమనీ అనలేదు. చంకలో పన బరువుగా, తడిగా ఉంది. దాన్ని అలాగే పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత చెయ్యి సడలించింది. పన తేలుతూ పోయింది. ముసలాయన చెప్పాడని కాదు. ఎందుకో అడిగితే ఆమె చెప్పలేకపోయేది.

మర్నాడు ఇద్దినా గాడిద మీద వచ్చాడు. కొత్త మట్టి కట్టను చూశాడు.

"నిన్న మీ కూర్చునే రోజు కదరా ముసలోడా? ఇదెవరు పూడ్చారు?"

"మేమే."

"ఓహో. ఐతే చేతులు పనిచేస్తాయన్నమాట ఆ రోజు."

"మనుషులు మునిగిపోతుంటే చేశాయి. అటు చూడు అయ్యా." పెలట్యా పొలం చూపించాడు. ఊరి వాటా, రాజుగారి వాటా, చాలావరకు బురదలో కుళ్లుతున్నాయి. "కళ్లెదుట తేలుతుంటే ఇవి ముట్టుకోలేదు."

ఇద్దినా చాలాసేపు చూశాడు. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. రాజుగారి గింజలు పోయినందుకు ఆ ఏడాది ఊరి ఖర్జూరాలన్నీ తాను తీసుకుంటానన్నాడు. తీసుకున్నాడు కూడా. "మీలాంటి పిచ్చి జనాన్ని నేనెక్కడా చూడలేదు" అని గాడిదెక్కాడు. ఏడోనాటి గురించి మాత్రం మాట్లాడలేదు.

హోషయాకు గండి పడిన రాత్రే జ్వరం వచ్చింది. ఊపిరి తీస్తే ఛాతీలో నీళ్లు గుడగుడమనేవి. తండ్రి ఇంట్లోనే పడుకోబెట్టారు. అతారా ఉల్లిపాయ కాచిన నీళ్లు పట్టేది, అవి బయటికి వచ్చేసేవి. జ్వరం తగ్గలేదు.

ఒక మధ్యాహ్నం తెలివి వచ్చి తండ్రిని పిలిచాడు.

"పార నువ్వే పట్టావట కదా నాన్నా."

"నేనే పట్టాను."

"ఎవరూ బలవంతం చెయ్యలేదుగా?"

"లేదురా. మీ ఆవిడ గొంతు వినిపించింది. లేచాను. లేచాక, ఇంతసేపు ఎందుకు కూర్చున్నానో నాకే అర్థం కాలేదు."

"ఐతే సరే" అన్నాడు హోషయా. ఏది సరేనో చెప్పలేదు. మర్నాడు తెల్లవారేసరికి పోయాడు.

మట్టి వేసి వచ్చాక జనం వాకిట్లో కూర్చున్నారు. ఎవరో వెనక నుంచి, ఏడోనాడు పార పట్టినందుకే ఇలా అయిందేమో అన్నారు. హొగ్లా చెప్పు తీసి చూపించింది. మాట ఆగిపోయింది. ఆగినా అందరి చెవుల్లోనూ ఉండిపోయింది. అతారాకూ వినబడింది. ఆమె చావింటి ఆచారంగా నెత్తిన బూడిద వేసుకుని గోడవారగా కూర్చుని ఉంది. ఎదురుగా పెలట్యా, చొక్కా చింపుకుని.

"మామా" అంది. "నేను చెప్పినప్పుడే నువ్వు లేచుంటే, వీడు నీళ్లలో పడేవాడు కాదు."

"పడేవాడు కాదు."

"ఇవాళ బతికి ఉండేవాడు."

"ఉండేవాడే" అన్నాడు పెలట్యా.

ఆయన ఏదైనా అడ్డం చెప్తాడని ఆమె ఎదురుచూసింది. దేవుడి పేరో, ఊరి పేరో ఎత్తితే అరవడానికి సిద్ధంగా ఉంది. ఆయన ఎత్తలేదు.

మళ్లీ ఏడోనాడు వచ్చింది. పందిరి కిందికి వెళ్లకూడదనుకుంది. తీరా అందరూ వెళ్లాక ఖాళీ ఇంట్లో ఉండలేక వెళ్లి వెనక కూర్చుంది. జనం పలచగా ఉన్నారు. ముఖాలు ఆకలితో పీక్కుపోయి ఉన్నాయి.

పెలట్యా ఐగుప్తు కథ చెప్పలేదు. లేచి నిలబడి, నేరుగా విషయానికొచ్చాడు.

"కాలువ పోటు మీదున్నన్ని రోజులూ, ఈ రోజు కూడా, ఇద్దరు కట్ట మీద తిరగాలి. పార పట్టుకునే తిరగాలి. మనిషి ప్రాణానికి ముప్పనిపిస్తే తవ్వండి, మొయ్యండి, నరకండి. మనవాడా, బబులోనువాడా అని చూడొద్దు. నన్ను అడగడానికి రావద్దు. ఎవర్నీ అడగొద్దు. అడగడానికి వచ్చే ఆ కాసేపట్లోనే మనిషి పోతాడు."

"ముప్పో కాదో తెలీకపోతే?" అని అడిగాడు షల్లూము. వెక్కిరింత కాదు. నిజంగానే అడిగాడు.

"తెలీకపోయినా తవ్వు."

"మరి గింజలకో?"

"గింజలకు వద్దు."

షల్లూము ఆలోచించాడు. తల ఊపలేదు, కాదనలేదు. కూర్చున్నాడు.

"ఇవాళ ఎవరు వెళ్తారు?" అని అడిగాడు పెలట్యా. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏడోనాడు అందరి ముందూ పార భుజాన వేసుకోవడం ఎవరికీ చేతులు రాని పని. అతారా లేచింది. జక్కూరు లేవబోయాడు గానీ ముసలాయన చేత్తో ఆపి, తానే కర్ర పట్టుకుని బయల్దేరాడు.

కట్ట మీద ఇద్దరూ చాలా దూరం నడిచారు. ఆమె ముందు, ఆయన వెనక. ఎండ తీక్షణంగా ఉంది. కాలువలో ఉప్పు బస్తాల పడవ ఒకటి నిప్పూరు వైపు పోతోంది. పడవవాడు వీళ్లను చూసి ఏదో పాట ఆపి, మళ్లీ అందుకున్నాడు.

"ఆ పార ఇలా ఇవ్వవే. నేను మోస్తాను" అన్నాడు పెలట్యా.

ఆమె ఇవ్వలేదు.

ఇంకొంత దూరం పోయాక ఆయనే మళ్లీ అన్నాడు. "నీకు ఇల్లు లేదు. నా ఇంట్లోనే ఉండిపో అమ్మాయ్. నేనున్నన్నాళ్లూ."

అతారా ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఉంటాను" అంది. "రొట్టె కాలుస్తాను. నీ బట్టలు ఉతుకుతాను. నువ్వు పడిపోతే నిన్ను కూడా మోస్తాను. నిన్ను చూసినప్పుడల్లా నాకు ఆ పొద్దుటి సంగతి గుర్తుకు రాకూడదని మాత్రం అడక్కు మామా. అది నా చేతిలో లేదు."

"అడగను" అన్నాడు ముసలాయన.

ఆమె పార భుజం మార్చుకుని ముందుకు నడిచింది. ఆయన కర్ర ఊతంగా వెనకే వచ్చాడు. కట్ట చివరిదాకా ఇంకా చాలా చూడాల్సి ఉంది.